వాట్స్ గిడ్డంగి గురించి మాంచెస్టర్ సిటీ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

మాంచెస్టర్ సిటీ కౌన్సిల్ ప్లానింగ్ కమిటీ సభ్యులకు, చారిత్రక కట్టడాల సంరక్షణ బాధ్యత చూసే అధికారులకు,

విషయం: పోర్ట్‌లాండ్ వీధిలోని వాట్స్ గిడ్డంగితో పాటు నగరంలోని పాత బట్టల గిడ్డంగుల లోపలి నిర్మాణాన్ని కాపాడటం గురించి.

గౌరవనీయులారా,

పాత బట్టల గిడ్డంగిని హోటల్‌గానో, ఫ్లాట్లుగానో, ఆఫీసులుగానో మార్చుతామని ఎవరైనా దరఖాస్తు పెట్టినప్పుడు మీ బల్ల మీదికి ముందుగా వచ్చే చిత్రం వీధి వైపు గోడదే. ఆ గోడ నిలుస్తుందా, రాతి చెక్కడాలు చెదరకుండా ఉంటాయా, కిటికీల కొలతలు మారతాయా అన్న చర్చ అప్పుడు సాగుతుంది, సాగవలసిందే. అయితే ఆ గోడ వెనక ఉన్న మెట్లు, వెలుతురు కోసం వదిలిన నడిమి ఖాళీలు, ఇనుప స్తంభాల వరసలు, సరుకు కట్టిన నేలమాళిగ, బండ్లు ఆగిన పక్క సందు ఏమవుతాయన్న ప్రశ్నను కూడా అంతే గట్టిగా అడగాలని, దానికి వచ్చిన జవాబు రికార్డులో నిలిచేటట్టు చూడాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో ఎక్కువగా చెప్పబోయేది వాట్స్ గిడ్డంగి గురించి. అది గొప్ప కట్టడమని అందరూ ఒప్పుకుంటారు. ఏ కారణం వల్ల గొప్పదో చెప్పేటప్పుడు మాత్రం చాలామంది వీధి మధ్యనే ఆగిపోతారు.

నేను మీ నగరంలో ఉంటున్న తెలుగువాణ్ణి, భవన నిర్మాణం చదువుకున్నవాణ్ణి. ఈ లేఖ ఇంగ్లిషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా ఉంచడానికి కారణం ఉంది. చదువుకోసం, ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. పికడిలీ స్టేషన్‌లో దిగి పోర్ట్‌లాండ్ వీధి వెంట నడిచేటప్పుడు ఆ కట్టడాన్ని చూసి అదేదో రాజభవనమనుకుంటారు. అది గుడ్డలు అమ్మిన చోటని, ఆ గుడ్డల వ్యాపారానికి ఒక కొస గోదావరి డెల్టాలోనూ ఉందని వాళ్ళకు తెలియాలని నా కోరిక.

ముందు మీకు బాగా తెలిసిన సంగతులే చెబుతాను, వాదన వాటి మీద నిలబడి ఉంది గనుక. డిడ్స్‌బరీలో ఒక నేతగాని ఇంటి నుంచి మొదలైన వాట్స్ కుటుంబం వ్యాపారం పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఇంగ్లండ్‌లో పేరున్న టోకు బట్టల సంస్థగా ఎదిగింది. 1851లో పని మొదలుపెట్టి 1856 నాటికి ట్రావిస్, మాంగ్నల్ అనే వాస్తుశిల్పుల ద్వయం ఆ సంస్థకు ఈ గిడ్డంగిని కట్టి ఇచ్చింది. వీధి వెంట దాదాపు 300 అడుగుల పొడవు, సుమారు 100 అడుగుల ఎత్తు. ఆనాటి లెక్కలో లక్ష పౌండ్ల ఖర్చు. ఒకే సంస్థ వాడుకున్న బట్టల గిడ్డంగుల్లో ఈ నగరంలో ఇదే అతి పెద్దది. యజమాని జేమ్స్ వాట్స్ అప్పటికి నగర మేయరు కూడా. 1857లో విక్టోరియా రాణి మాంచెస్టర్ వచ్చినప్పుడు ఆయనకు సర్ బిరుదు దక్కింది. ఒక బట్టల వర్తకుడు నగరానికి పెద్ద కావడం, అతని గోదాము నగరంలోకెల్లా ఆడంబరమైన కట్టడాల్లో ఒకటి కావడం ఒకే కాలపు కథ.

చెక్కిన ఇసుకరాతితో కట్టిన ఆ వీధిముఖాన్ని కింది నుంచి పైకి చదవాలి. ఇటాలియన్ పునరుజ్జీవన కాలపు శైలి, ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లిషు శైలి, ఫ్రెంచి పునరుజ్జీవన శైలి, ఫ్లెమిష్ శైలి ఒకదాని మీద ఒకటిగా అంతస్తులకు పంచి పెట్టారు. అన్నిటికీ పైన, కప్పు మీద లేచిన నాలుగు బురుజుల్లో గోథిక్ చర్చీల్లో కనిపించే పెద్ద పెద్ద చక్రాకారపు కిటికీలు ఉంటాయి. శైలీ శుద్ధి కోరే విమర్శకులకు ఇది మింగుడుపడదు. నాకు కూడా ఇందులోని ప్రతి భాగమూ అందంగా ఉందని అనిపించదు. ఆ చక్రాల కిటికీల బరువు కింది అంతస్తుల తీరుగా సాగిన వరసలను కొంత నొక్కేస్తుందని నా అభిప్రాయం. కానీ దీన్ని వర్తకుడి దృష్టితో చూస్తే తర్కం తెలిసిపోతుంది. గుడ్డల షాపులో గుమాస్తా గిరాకీ ముందు తానుల మీద తానులు విప్పి పరిచినట్టు, ఈ గోడ తన దగ్గరున్న రకాలన్నిటినీ కొనేవాడి కళ్ళముందు పరుస్తోంది.

దీనికి వెనిస్‌లోని ఫొండాకో దెయ్ తుర్కితో ఉన్న పోలికను చాలామంది గుర్తించారు. ఆ పోలికలో మరో అర్థం కూడా ఉంది. గ్రాండ్ కాలువ ఒడ్డునున్న ఆ భవనం మొదట ఒక ధనిక కుటుంబపు నివాసమే గాని, 1621 నుంచి 1838 వరకు ఒట్టోమన్ సామ్రాజ్యపు వర్తకులు తమ సరుకుతో దిగే విడిదిగా నడిచింది. సరుకూ అక్కడే, మనుషుల బసా అక్కడే. మాంచెస్టర్ వర్తకులు ఇటలీ నుంచి అరువు తెచ్చుకున్నవి రాజుల కోటలు కావు, వ్యాపారంలో గడించినవాళ్ళ ఇళ్ళు. చార్లెస్ బ్యారీ అనే వాస్తుశిల్పి 1830ల చివర ప్రిన్సెస్ వీధిలో ఎథీనియం అనే క్లబ్బు భవనాన్ని ఆ తీరులో కట్టి దారి చూపాడు. 1839 ప్రాంతంలో మోస్లీ వీధిలో రిచర్డ్ కాబ్డెన్ అనే బట్టల వర్తకుడి కోసం వాస్తుశిల్పి ఎడ్వర్డ్ వాల్టర్స్ కట్టిన గిడ్డంగితో ఆ తీరు బట్టల వ్యాపారంలోకి వచ్చింది. ఆ పద్ధతిలో స్తంభాల మండపాలు అక్కర్లేదు, దేవాలయపు ముఖద్వారాలు అక్కర్లేదు. ఒకే కొలత కిటికీలు ఎన్ని కావాలంటే అన్ని వరసగా పెట్టుకోవచ్చు. కిటికీలు ఎక్కువగా కావలసిన కట్టడానికి ఇంతకంటే అనువైన వేషం దొరకదు.

కిటికీలు ఎందుకు అంతగా కావాలో అడిగితేనే మనం గిడ్డంగి లోపలికి అడుగు పెడతాం. మాంచెస్టర్‌ను మిల్లుల ఊరని అంటారు గాని, నగర పరిధిలోని నూలు మిల్లుల సంఖ్య 1853లో 108కి చేరి, అదే గరిష్ఠమై, అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. వడకడం, నేయడం చుట్టుపక్కల పట్టణాలకు తరలాయి. చూడటం, బేరమాడటం, మడవడం, ముద్ర వేయడం, కట్టడం, పంపడం ఈ నగరం చేతిలో ఉండిపోయాయి. అందుకే ఈ ఊరి నడిబొడ్డుకు రూపం ఇచ్చింది పొగగొట్టాల కంటే గిడ్డంగులే. బట్ట నాణ్యం కంటితోనూ వేలితోనూ తేల్చవలసినది. గ్యాసు దీపం కింద తెలుపు పసుపుగా కనిపిస్తుంది, నీలం నలుపుగా కనిపిస్తుంది, నేతలో తప్పిన పోగు అసలు కనిపించదు. పైగా ఇది మబ్బు, పొగ కలిసి పగలే చీకటి చేసిన ఊరు. నిప్పంటే భయం కూడా ఉండేది, చుట్టూ ఉన్నదంతా నూలు బట్టే కదా. కాబట్టి పగటి వెలుతురును లోపలికి ఎంత దూరం రప్పించగలమన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఈ కట్టడాల నమూనా తయారైంది. పరీక్షించే పని సాధారణంగా పై అంతస్తుల్లో ఉండేది. అమ్మే గదులు, లెక్కల గదులు వీధి మట్టానికి కాస్త పైన ఉండేవి. కట్టే పని నేలమాళిగలో జరిగేది.

వాట్స్ గిడ్డంగిది దేశీయ వ్యాపారం. ఓడలకెక్కించే బేళ్ళ కంటే, ఇంగ్లండ్ నలుమూలల నుంచి స్వయంగా వచ్చి సరుకు చూసుకునే చిన్న ఊళ్ళ దుకాణదారులే దానికి ముఖ్యం. ఇది గోదామే అయినా చూపించడానికి కట్టిన గోదాము. కనుకనే లోపల పోత ఇనుముతో చేసిన విశాలమైన మెట్లు పెట్టారు. ఆ మెట్లకు ఒక పక్క గోడలో మాత్రమే ఆధారం ఉంటుంది, రెండో పక్క కింద ఏ స్తంభమూ లేకుండా గాలిలోకి సాగుతాయి. ఆ మెట్ల చుట్టూ ఉన్న ఖాళీలోకి బాల్కనీలు తొంగి చూస్తాయి. సరుకు పరిచి చూపడానికి మహాగని చెక్క కౌంటర్లు ఉండేవి. మెట్లెక్కుతున్న దుకాణదారు ఒక విభాగానికి వచ్చినవాడే అయినా, నడకలోనే మిగతా విభాగాలూ అతని కంట పడతాయి. ఈ నాటి పెద్ద బట్టల షోరూముల్లో ఎస్కలేటర్లను నడిమధ్య ఎందుకు పెడతారో ఆలోచిస్తే, ఆ ఎత్తుగడ 1850లలోనే ఈ ఇనుప మెట్లలో ఉందని అర్థమవుతుంది. నా లెక్కలో ఈ కట్టడపు అసలు నిర్మాణ ప్రతిభ అక్కడుంది. బయటి గోడ ఆ కాలపు అభిరుచిని చెబుతుంది. మెట్లు, వాటి చుట్టూ ఉన్న ఖాళీ ఆ వ్యాపారం ఎలా నడిచిందో చెబుతాయి.

ఎగుమతి కోసం కట్టిన గిడ్డంగుల జాతి వేరు. విట్‌వర్త్ వీధిలో హ్యారీ ఫెయిర్‌హర్స్ట్ 1906లో కట్టిన ఇండియా హౌస్, దాని పక్కనే అదే దశకంలో లేచిన లాంకాస్టర్ హౌస్, ప్రిన్సెస్ వీధిలో ఉన్న ఏషియా హౌస్ ఇందుకు మంచి ఉదాహరణలు. ఇక్కడ ఉక్కు చట్రం వచ్చేసింది, బరువు మోసే పని గోడకు తప్పింది. వీధి వైపు ఎర్ర ఇటుక, టెర్రకోట అలంకారాలు, నున్నని గ్రానైటు పీఠం చూస్తే బాంకు భవనమో, బీమా సంస్థో అనుకుంటాం. వెనక్కి వెళ్ళి చూస్తే ఆ వేషమంతా మాయమై, తెల్లని మెరుపు పూత ఇటుక, నిలువునా గాజు, సన్నని చట్రం మాత్రమే మిగులుతాయి. ఇరుకు సందులోకి దిగిన కాస్త వెలుతురును ఆ తెల్ల ఇటుక ఎదుటి కిటికీల్లోకి తిప్పి పంపుతుంది. ఆ తర్వాతి తరం అద్దాల భవనాల పోకడ ఎవరూ మెచ్చుకోని ఆ వెనక గోడల్లో ముందే కనిపిస్తుంది. సందర్శకులకు చూపించమంటే నేను ముందు ఆ వెనక గోడనే చూపిస్తాను, ఆ తర్వాత ఏషియా హౌస్ లోపలి పాలరాయి, రంగుల పలకల మెట్ల గదికి తీసుకెళతాను. వీధిముఖం ఎలాగూ వాళ్ళకు వాళ్ళే చూసుకుంటారు.

ఈ గిడ్డంగుల నేలమాళిగలకు మీ కార్పొరేషన్‌తో నేరుగా సంబంధం ఉంది. 1894 నుంచి నగరపాలక సంస్థే వీధుల కింద గొట్టాలు వేసి అధిక పీడనంతో నీటిని సరఫరా చేసింది. ఆ ఒత్తిడితో సరుకు లిఫ్టులు ఎక్కాయి, దిగాయి. గట్టి ప్రెస్సుల కింద మడత బట్ట రాయిలా బిగిసి, గోనె, ఇనుప పట్టీలు చుట్టుకుని బేలుగా మారింది. ఓడలో చోటుకు డబ్బు కట్టాలి గనుక బేలు ఎంత చిన్నదైతే లాభం అంత పెద్దది. ఆ సరఫరా 1972 వరకు నడిచింది. 1909లో వాటర్ వీధిలో కట్టిన పంపింగ్ స్టేషన్‌ను మీరు ప్రజల చరిత్ర మ్యూజియంలో భాగంగా నిలబెట్టుకోవడం మెచ్చుకోదగ్గ పని. కానీ ఆ నీటి శక్తి చేరిన చోట్లు, అంటే గిడ్డంగుల కింద ప్రెస్సులు నిలిచిన పునాదులు, లిఫ్టుల గుంటలు, గొట్టాలు ప్రవేశించిన కంతలు, ఇప్పుడు కార్లు నిలిపే చోటుగానో, వ్యాయామశాలగానో మారేటప్పుడు వాటి కొలతలు విధిగా తీసి పెట్టే ఒక పద్ధతి ఉండాలి. గుండెను మ్యూజియంలో ఉంచి రక్తనాళాలు ఎటు పోయాయో రాసుకోకపోతే చరిత్ర సగమే మిగులుతుంది.

ఇండియా హౌస్ అన్న పేరు వెనక ఉన్న బరువు మా వైపు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన నూలు బట్ట సుమారు 700 కోట్ల గజాలు. అందులో దాదాపు 300 కోట్ల గజాలు ఒక్క భారతదేశానికే వచ్చాయి. తానుల మీద అంటించిన రంగుల చీటీల్లో మా లక్ష్మీదేవి, మా వినాయకుడు మాంచెస్టర్ సరుకుకు సాక్షులుగా నిలబడ్డారు. అంతకు రెండు మూడు శతాబ్దాల ముందు ఈ ప్రయాణం ఎదురు దిశలో సాగింది. మచిలీపట్నంలో 1611లో వ్యాపార స్థావరం పెట్టిన ఇంగ్లిషు కంపెనీ కృష్ణా, గోదావరి డెల్టాల బట్టను తన గోదాముల్లో నింపి ఐరోపాకు పంపింది. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో అలాంటి స్థావరం మరొకటి ఉండేది. ఆ ఊరి పేరు మీదనే మడపొల్లం అనే నూలు బట్ట లోకానికి తెలిసింది. తర్వాత మాంచెస్టర్ చుట్టుపక్కలి లాంకషైర్ ప్రాంతపు మిల్లులు మరనేతతో అదే రకాన్ని నేసి, అదే పేరుతో అమ్మాయి. నేత ఊరి పేరు మిగిలి, నేతగాడి జీవనం పోయింది.

పత్తి విషయంలోనూ మా నది మీ నగరపు లెక్కల్లోకి ఎక్కింది. 1857లో ఇక్కడ ఏర్పడిన మాంచెస్టర్ కాటన్ సప్లై అసోసియేషన్ అమెరికా పత్తి మీద ఆధారపడటం ప్రమాదమని ముందే గ్రహించి, భారతదేశం నుంచి పత్తి రప్పించే దారులు వెతికింది. నాగపూర్, బేరార్ ప్రాంతపు పత్తిని పడవల మీద గోదావరి గుండా తూర్పు తీరానికి దింపాలన్న పథకానికి ఇక్కడి వర్తకుల ఒత్తిడి గట్టి దన్నుగా నిలిచింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులు పత్తి లేక మూతపడుతున్న కాలంలో ఎగువ గోదావరి మీద పనులు సాగాయి. రాళ్ళు తేలిన మడుగులు, వేసవిలో ఎండే పాయలు, జ్వరాలు, పెరిగే ఖర్చు మీదపడి 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆ కాలపు ఆనకట్ట ఇప్పటికీ ఉంది. దాన్ని చూసే మా ఊళ్ళవాళ్ళలో ఎంతమందికి పోర్ట్‌లాండ్ వీధి తెలుసు? పోర్ట్‌లాండ్ వీధిలో నడిచేవాళ్ళలో ఎంతమందికి దుమ్ముగూడెం తెలుసు?

ఆ తర్వాతి మలుపు కూడా మా గడ్డ మీదే పడింది. 1921 మార్చి చివర బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. విదేశీ బట్ట బహిష్కరణ, భారతీయ మిల్లుల పెరుగుదల, జపాను పోటీ కలిసి మీ ఎగుమతి గిడ్డంగులను ఖాళీ చేశాయి. 1931లో గాంధీ లాంకషైర్ వచ్చి పని పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడారు. 1968లో నగరపు పత్తి వ్యాపార కేంద్రమైన రాయల్ ఎక్స్చేంజ్ మూతపడిన నాటి పత్తి ధరలు ఆ హాలులోని బోర్డు మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడది నాటకశాల, నాటకం చూడటానికి వెళ్ళినవాళ్ళు తలెత్తితే కనిపిస్తాయి. ఇంత పెద్ద కథకు సాక్ష్యం చెప్పగలిగిన కట్టడాలను అలంకారపు గోడలుగా కుదించడం చరిత్రకూ న్యాయం కాదు, నిర్మాణ కళకూ న్యాయం కాదు.

అలా కుదించిన ఉదాహరణ నగరంలోనే ఉంది. ఎడ్వర్డ్ వాల్టర్స్ 1856 నాటికి పూర్తి చేసిన ఫ్రీ ట్రేడ్ హాల్ అనే సభాభవనం 1940 బాంబుదాడిలో లోపల కాలిపోయింది. యుద్ధం తర్వాత మిగిలిన గోడల వెనక కొత్త సంగీత సభ కట్టారు. హాలే వాద్యబృందం 1996లో బ్రిడ్జ్‌వాటర్ హాల్‌కు వెళ్ళిపోయాక ఆ సభా మందిరాన్నీ తొలగించి, 2004 నాటికి హోటల్ తెరిచారు. పీటర్ వీధి నుంచి చూస్తే అదే కమానుల వరస, అదే గంభీరత. లోపల సంగీతం విన్న చోటు లేదు. బాంబుకు పోయింది సరే; ఆ తర్వాత పోయింది మాత్రం మన నిర్ణయం వల్ల పోయింది. మా భాషలో పైన పటారం, లోన లొటారం అనే సామెత ఉంది. ఏ ఒక్క కట్టడాన్నీ కించపరచడానికి ఈ మాట అనడం లేదు. వీధి రూపం మిగిలితే చాలనే ఆలోచనా విధానం గురించి అంటున్నాను.

చట్టం ఈ విషయంలో మీ వైపే ఉంది. 1990 నాటి లిస్టెడ్ కట్టడాల, అంటే రక్షిత జాబితాలోని కట్టడాల, చట్టం ప్రకారం జాబితాలో చేరిన కట్టడానికి రక్షణ వీధిముఖంతో ఆగదు. లోపలి భాగానికీ, దానికి బిగించిన వస్తువులకూ వర్తిస్తుంది. వాట్స్ గిడ్డంగి 1974 నుంచి గ్రేడ్ టూ స్టార్ జాబితాలో ఉంది. ఇంగ్లండ్‌లోని లిస్టెడ్ కట్టడాల్లో ఆ స్థాయి సుమారు 5.8 శాతానికే దక్కింది. కాబట్టి ఆ ఇనుప మెట్ల గురించి నాకు వెంటనే భయం లేదు. అసలు చిక్కు జాబితాలోకి ఎక్కని చిన్న గిడ్డంగులతో ఉంది. అవి సంరక్షణ ప్రాంతంలో ఉన్నా కూడా, ఆ హోదా వాటి బయటి రూపానికే అక్కరకు వస్తుంది. లోపల స్తంభాలు పీకినా, నడిమి ఖాళీని స్లాబు వేసి కప్పినా ప్రాంత హోదా ఒక్కటీ అడ్డుపడదు. పేరున్న వాస్తుశిల్పి కట్టనివి, ముఖం సాదాగా ఉన్నవి, వెనక సందుల్లో నిలిచినవి ముందుగా ఆ గతి పట్టేది అందుకే. గిడ్డంగి పనితనం బాగా కనిపించేది కూడా తరచుగా వాటిలోనే.

పాత గిడ్డంగి హోటల్ కావడం, ఇల్లు కావడం నాకు అభ్యంతరం కాదు. వాడుకలో లేని కట్టడం వానకు నాని కూలుతుంది. వాట్స్ గిడ్డంగి 1980ల నుంచి హోటల్‌గా ఉండబట్టే ఈ రోజు దాని గురించి ఉత్తరం రాయగలుగుతున్నాను. లోతైన అంతస్తులను గదులుగా విడగొట్టేటప్పుడు నడిమి ఖాళీల వల్లనే లోపలి గదులకు వెలుతురు వస్తుంది గనుక, పాత నమూనాను గౌరవించడం కొత్త యజమానికి కూడా లాభమే. 1940 డిసెంబరు దాడుల్లో పికడిలీ తోటల పక్కనున్న గిడ్డంగుల వరస కాలిపోయింది, అక్కడ 1960లలో పికడిలీ ప్లాజా అనే కాంక్రీటు భవన సముదాయం లేచింది. ఆ మంటల్లో మిగిలి, ఆ తర్వాత వచ్చిన కాంక్రీటు ఉత్సాహంలోనూ మిగిలిన కట్టడమిది. మిగలడానికి అదృష్టం కొంత కారణం కావచ్చు. ఇకమీదట అదృష్టానికి వదిలేయవలసిన పని లేదు.

కనుక మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి. గిడ్డంగి ఏ జాబితాలో ఉన్నా, లేకున్నా, మార్పుకు దరఖాస్తు పెట్టేవారు నేలమాళిగ నుంచి కప్పు వరకు కొలతలతో పటాలు, వెనక గోడతో సహా ఛాయాచిత్రాలు ఇవ్వాలని ప్లానింగ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చండి. అవి నగర గ్రంథాలయపు స్థానిక చరిత్ర విభాగంలో ఎవరైనా చూసుకునేలా ఉండాలి. స్థానిక వారసత్వ జాబితాలో గిడ్డంగిని నమోదు చేసేటప్పుడు దాని వీధిముఖపు శైలితో పాటు సరుకు ఎటు నుంచి వచ్చేది, ఎక్కడ చూసేవారు, ఎక్కడ కట్టేవారు, ఎటు పంపేవారు అన్న వివరం కూడా రాయించండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు, ఒక పూట లోపల తిరిగి చూసే మనిషి చాలు. తెల్ల ఇటుక వెనక గోడలకు రంగు పూయడం, వాటి మీదుగా ఇష్టమొచ్చినట్టు గొట్టాలు వేయడం చిన్న మార్పుగా లెక్కించకండి. వెలుతురును లోపలికి తిప్పిన గోడ అది.

వాట్స్ గిడ్డంగి విషయంలో యజమానులతో మాట్లాడి, చారిత్రక కట్టడాలను ప్రజలకు తెరిచి చూపే, ఏటా సెప్టెంబరులో వచ్చే హెరిటేజ్ ఓపెన్ డేస్ సమయంలో ఆ మెట్లను, బాల్కనీలను నిపుణుడి వివరణతో ప్రజలకు చూపే ఏర్పాటు చేయమని కోరుతున్నాను. బస చేసినవాళ్ళకే కాకుండా నగరవాసులకూ ఆ లోపలి భాగం తెలియాలి. ప్రవేశద్వారం లోపల చార్లెస్ సార్జెంట్ జాగర్ 1920ల తొలినాళ్ళలో చేసిన కంచు సైనికుడి విగ్రహం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ సంస్థ ఉద్యోగుల స్మారకమది. ఢిల్లీలో ఇండియా గేటు ఎదుటి ఛత్రం కింద ఒకప్పుడు నిలిచిన ఐదో జార్జి విగ్రహం కూడా ఆ శిల్పి చేతి పనే. రాజు విగ్రహాన్ని మేం 1960లలో అక్కడి నుంచి తరలించాం. ఈ గుమాస్తాల స్మారకం మాత్రం ఉన్న చోటనే ఉండాలని, దాన్ని చూడటానికి మొహమాటపడనక్కరలేని పరిస్థితి ఉండాలని నా కోరిక.

చివరగా, ఆ కట్టడం దగ్గర పెట్టే ఏ సమాచార ఫలకంలోనైనా కట్టినవారి పేరు, ఏడాది, శైలులతో పాటు, ఈ నగరపు గిడ్డంగులకు పత్తి ఎక్కడి నుంచి వచ్చింది, బట్ట ఎక్కడికి వెళ్ళింది, ఆ రాకపోకల్లో ఎవరి మగ్గాలు ఆగాయి అన్న రెండు మూడు వాక్యాలు చేర్చండి. ఫలకం తెలుగులో కావాలని అడగడం లేదు. ఇంగ్లిషులోనే మచిలీపట్నం, మాధవాయిపాలెం అన్న పేర్లు ఉంటే చాలు, మా పిల్లలు చదువుకుంటారు. ఆ వాక్యాలు రాసేటప్పుడు ఆధారాలు చూపమంటే నాకు తెలిసినంతవరకు సహకరించడానికి సిద్ధంగా ఉన్నాను. కమిటీ ఈ కోరికల్లో దేన్ని ఒప్పుకున్నా, దేన్ని తిరస్కరించినా కారణంతో కూడిన రాతపూర్వక జవాబు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దాన్ని తెలుగులోకి మార్చి ఈ లేఖ చదివినవారికి అందజేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
మాంచెస్టర్‌లో నివసిస్తున్న ఒక తెలుగు వాస్తుశిల్పి